పత్తి ధర ఎక్కడ పుడుతుంది, మన యార్డుకు ఎలా చేరుతుంది?

జమ్మికుంట పక్క ఊళ్లో ఆరెకరాల్లో పత్తి వేసిన సోదరుడు 2025-26 సీజనులో అడిగిన ప్రశ్నల సారాంశం ఇది. ఆ సీజనుకు క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలు ఉండగా యార్డులో వ్యాపారి 6,800 దాటి పలకడం లేదు, అడిగితే న్యూయార్క్ పడిపోయిందంటున్నాడు. ఇది నిజమా, సాకా? విదేశీ పత్తి మీద సుంకం ఎత్తేయడం వల్ల మనకు జరిగిన నష్టం ఎంత? ఎగుమతులను స్వేచ్ఛగా వదిలితే ధర పెరగదా? చివరగా, ఈ సరుకును సంక్రాంతి దాటేదాకా ఇంట్లో ఉంచడం మంచిదా? పత్తి నుంచి గింజ, దూది వేరు చేసే జిన్నింగ్ మిల్లులోనూ, ఆ తర్వాత బేళ్ల (అదిమి కట్టిన దూది మూటల) ఎగుమతి వ్యాపారంలోనూ ఎక్కువ కాలం పనిచేసినవాడిని కాబట్టి, లెక్కతో సహా వివరంగా చెబుతాను. రైతు దగ్గర ఈ లెక్క లేకపోవడమే వ్యాపారికి ఉన్న పెద్ద బలమని నా నమ్మకం.

వ్యాపారి చెప్పింది సగం నిజం. యార్డులో కొనేది పత్తి అయినా, ప్రపంచమంతటా చేతులు మారేది దూది. అమెరికాలో దూదిని పౌనుకు ఇన్ని సెంట్లని, మన దేశంలో క్యాండీకి ఇన్ని రూపాయలని పలుకుతారు. క్యాండీ అంటే 355.6 కిలోలు, అంటే 784 పౌన్లు. న్యూయార్క్ ఫ్యూచర్స్ ధరకు (ముందు నెలల్లో ఇచ్చే సరుకుకు అక్కడి ఎక్స్ఛేంజిలో పలికే ధరకు) నాణ్యతను బట్టి ప్రీమియం, ఓడ రవాణా కలిపితే ఆసియా రేవుకు చేరిన ధర వస్తుంది. లెక్క కోసం ఆ ధర 75 సెంట్లని, డాలరుకు 88 రూపాయలని అనుకుందాం. అప్పుడు క్యాండీ 588 డాలర్లు, మన డబ్బులో దాదాపు 51,700 రూపాయలు అవుతుంది. అంటే సుంకం లేని విదేశీ దూది కిలో 145 రూపాయల చిల్లరకు మిల్లుకు దొరుకుతుంది.

ఇప్పుడు మీ క్వింటాలు పత్తి దగ్గరకు వద్దాం. జిన్నింగ్ చేస్తే అందులోంచి సుమారు 34 కిలోల దూది, 63 కిలోల గింజలు వస్తాయి, మిగిలిన మూడు కిలోలు తరుగు కింద పోతాయి. దూది విలువ 4,950 రూపాయలు. గింజ కిలో 35 రూపాయలనుకుంటే 2,200. రెండూ కలిపి 7,150. ఇందులోంచి జిన్నింగ్, ప్రెస్సింగ్, హమాలీ, మిల్లు లాభం కలిపి 350 తీసేస్తే 6,800 మిగులుతుంది. మీ యార్డులో పలికిన ధర సరిగ్గా ఇక్కడి నుంచే వచ్చింది. నేను వేసుకున్న అంకెలు రోజురోజుకూ మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు. వ్యాపారి దాచిన సగం గింజల దగ్గర ఉంది. ఆ గింజకు న్యూయార్క్‌తో సంబంధం లేదు, దాని ధరను మన దేశంలోని నూనె మిల్లులు, నూనె తీశాక మిగిలి పశువుల దాణాకు పనికొచ్చే పత్తి చెక్క గిరాకీ నిర్ణయిస్తాయి. క్వింటాలు విలువలో మూడో వంతుకు దగ్గరగా ఉన్న ఈ భాగం గురించి యార్డులో ఎవరూ మాట్లాడరు. గింజ ధర కిలోకు నాలుగు రూపాయలు పెరిగితే మీకు క్వింటాలుకు 250 రూపాయలు రావాలి. అందుకే రోజూ దూది ధరతో పాటు గింజ ధర కూడా కనుక్కోండి. న్యూయార్క్ పడిందని ధర తగ్గించిన వ్యాపారిని, గింజ పెరిగిన రోజున ఆ పెరుగుదల ఏమైందని అడిగే హక్కు మీకుంది.

సుంకం సంగతి ఈ లెక్కలోనే తేలుతుంది. 2021 ఫిబ్రవరి నుంచి విదేశీ పత్తి మీద మొత్తం 11 శాతం దిగుమతి సుంకం ఉంది. పై లెక్కలో అది క్యాండీకి దాదాపు 5,700 రూపాయలు, కిలో దూదికి 16 రూపాయలు, మీ క్వింటాలు పత్తికి 540 రూపాయల చిల్లర. అంటే సుంకం ఉండి ఉంటే, మిగతావన్నీ ఇలాగే ఉన్నా, ప్రైవేటు వ్యాపారి 7,350 దాకా పలకగలిగేవాడు. 2025 ఆగస్టు 19 నుంచి కేంద్రం ఈ సుంకాన్ని తీసేసింది. మొదట సెప్టెంబరు ఆఖరు వరకే అన్నది, తర్వాత డిసెంబరు 31 వరకు పొడిగించింది. మన వస్త్రాల మీద అమెరికా సుంకం ఆగస్టు 27 నుంచి 50 శాతానికి చేరుతుందని ముందే తేలడంతో తిరుప్పూరు వంటి చోట్ల దుస్తుల పరిశ్రమకు తీవ్రమైన దెబ్బ తప్పలేదు, దానికి ఊరటగా ఈ నిర్ణయం వచ్చింది. ఆ పరిశ్రమలో లక్షల మంది కూలి చేసుకుని బతుకుతున్నారు, వాళ్ల కష్టం కల్పితం కాదు. అయితే ఆ ఊరట ఖర్చును ఖజానా కాకుండా పత్తి రైతు భరించవలసి రావడం మాత్రం న్యాయం కాదని స్పష్టంగా చెబుతాను.

ఇక్కడ నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. పత్తి వ్యాపారంలో ప్రభుత్వం ఏ నిర్ణయం తీసుకున్నదనే దానికంటే ఏ నెలలో తీసుకున్నదో, ఆ నెలలో సరుకు ఎవరి చేతిలో ఉన్నదో చూడాలి. మన దగ్గర పత్తి అక్టోబరు నుంచి యార్డుకు వస్తుంది, ఫిబ్రవరి దాటేసరికి పంటలో పెద్ద భాగం రైతు చెయ్యి దాటిపోతుంది. ఆ తర్వాత సరుకు జిన్నింగ్ మిల్లుల దగ్గర, వ్యాపారుల దగ్గర, మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ గోదాముల్లో, నూలు మిల్లుల దగ్గర ఉంటుంది. ఒకే నిర్ణయం నవంబరులో వస్తే రైతు మీద, మేలో వస్తే వ్యాపారి మీద పడుతుంది.

గడచిన పదిహేనేళ్లలోని ఉదాహరణలు చూడండి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం పత్తి ఎగుమతుల రిజిస్ట్రేషన్లను ఆపింది, తర్వాతి సీజనుకు ఎగుమతిని 55 లక్షల బేళ్లకు పరిమితం చేసింది. ఆ సీజనులోనే, 2011 మార్చిలో, న్యూయార్క్ ధర చరిత్రలో ఎన్నడూ లేనంతగా పౌనుకు రెండు డాలర్లు దాటింది. అదనపు కోటా వదిలింది జూన్‌లో, అప్పటికే ప్రపంచ ధర దిగడం మొదలైంది. మన రైతు అమ్ముకునే నెలల్లో తలుపు సగం మూసి ఉంచి, ధర పోయాక తెరిచారన్నమాట. 2012 మార్చి 5న ఎగుమతులను మళ్లీ పూర్తిగా నిషేధించారు. అప్పటి వ్యవసాయ మంత్రి శరద్ పవారే బహిరంగంగా అభ్యంతరం చెప్పడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఆ కొద్ది రోజుల్లోనే యార్డుల్లో ధరలు చెదిరిపోయాయి, విదేశీ కొనుగోలుదారులకు మన మాట మీద నమ్మకం సడలింది. ఒప్పందం చేసుకున్న సరుకు ఓడ ఎక్కుతుందో లేదో తెలియని దేశం నుంచి కొనేవాడు, ఆ అనుమానానికి కూడా ధరలో కోత వేసుకుంటాడు.

2022లో జరిగింది దీనికి భిన్నం. ఆ ఏడాది క్యాండీ లక్ష రూపాయలు దాటింది, వరంగల్ ఏనుమాముల యార్డులో క్వింటాలు పదివేలకు పైగా పలికింది. ఏప్రిల్ 14న సుంకం ఎత్తేసినప్పటికి చాలామంది రైతులు అమ్మేసుకున్నారు, కాబట్టి ఆ నిర్ణయం రైతును పెద్దగా తాకలేదు. 2025 నిర్ణయం అలాంటిది కాదు. అది పూత కాత మీద ఉన్న పంట మీద వచ్చి, యార్డుకు సరుకు చేరే మొదటి మూడు నెలలనూ కమ్మేసింది. దీనికి తోడు బ్రెజిల్ పత్తి కోత జూన్‌లో మొదలై సెప్టెంబరుకు ముగుస్తుంది, వాళ్ల ఓడలు ఎక్కువగా బయల్దేరేది ఆ తర్వాతి నెలల్లోనే. మనం తలుపు తెరిచిన కాలం వాళ్ల కొత్త పంట వచ్చే కాలంతో అచ్చంగా కలిసింది. పైగా తమిళనాడు మిల్లులకు తూత్తుకుడి రేవు దగ్గర, ఆదిలాబాద్, వరంగల్ పత్తి లారీల మీద వెయ్యి కిలోమీటర్లు పోవాలి. అందువల్ల సుంకం పోయినప్పుడు మొదటి దెబ్బ దక్షిణాది మిల్లులకు అమ్ముకునే మన తెలుగు ప్రాంతాల పత్తికే తగులుతుంది.

ఎగుమతులు వదిలితే ధర పెరగదా అన్న ప్రశ్నకు వద్దాం. ఇప్పుడు ఎగుమతులను ఎవరూ ఆపలేదు. 2024-25లో మన దేశం సుమారు 18 లక్షల బేళ్లు ఎగుమతి చేసి, 40 లక్షల బేళ్ల దాకా దిగుమతి చేసుకుంది. మన బేలు 170 కిలోలు. 2013-14లో ఒక కోటి పది లక్షల బేళ్లకు పైగా బయటికి పంపిన దేశం ఈ స్థితికి వచ్చింది. కారణం తెలుసుకోవాలంటే ఒక సూత్రం గుర్తుంచుకోవాలి. దేశంలో సరుకు మిగిలినప్పుడు లోపలి ధర, ప్రపంచ ధరలోంచి మన రవాణా ఖర్చు తీసేసినంతకు దిగుతుంది. అప్పుడే ఎగుమతిదారుకు గిట్టుబాటు. సరుకు కొరవడినప్పుడు లోపలి ధర, ప్రపంచ ధరకు రవాణా, సుంకం కలిపినంతకు ఎక్కగలదు. మొదటిది కింది హద్దు, రెండోది పై హద్దు. ఇప్పుడు మనం పై హద్దుకు దగ్గరగా ఉన్నాం, అందువల్ల ఎగుమతికి ఎంత స్వేచ్ఛ ఇచ్చినా కొనేవాడు రాడు. ఈ స్థితిలో రైతుకు రక్షణ ఎగుమతి అనుమతి కాదు, దిగుమతి సుంకమే.

మనం మిగులు నుంచి కొరతకు ఎలా వచ్చామంటే దిగుబడి దగ్గర. 2002లో కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ విత్తనం వచ్చాక దేశపు పత్తి ఉత్పత్తి రెట్టింపు దాటి, 2013-14లో 400 లక్షల బేళ్ల దరిదాపులకు చేరింది. తర్వాత గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడం నేర్చింది. ఇప్పుడు ఉత్పత్తి 300 లక్షల బేళ్ల చుట్టూ ఆగిపోయింది. హెక్టారుకు మన సగటు దిగుబడి 450 కిలోల దూదికి అటూ ఇటూగా ఉంటే, బ్రెజిల్‌ది 1,800 కిలోల పైమాటే. వాళ్ల మాటో గ్రాసో రాష్ట్రంలో సోయా కోసిన వెంటనే అదే నేలలో రెండో పంటగా పత్తి వేస్తారు, మొక్కలు దగ్గర దగ్గరగా ఉంటాయి, ఒక్కసారి యంత్రంతో కోసేస్తారు. అక్కడి కమతాలు వేల ఎకరాలవి. ఎర్ర చెల్క నేలలో వానను నమ్ముకుని వేసిన ఆరెకరాల పత్తిని వాళ్ల దిగుబడితో పోల్చి రైతును తప్పుబట్టడం అన్యాయం. కానీ 2023-24లో అమెరికాను దాటి ప్రపంచంలో అతి పెద్ద ఎగుమతిదారుగా నిలిచిన ఆ దేశమే ఇవాళ ప్రపంచ ధరను కిందికి లాగుతున్నదని తెలుసుకోవాలి.

ప్రపంచ ధర అంటే గిరాకీ, సరఫరాలు కలిసి తేల్చిన నిఖార్సయిన ధర అనుకోవడం కూడా పొరపాటు. అందులో సర్కారుల చెయ్యి చాలా ఉంది. అమెరికా తన పత్తి రైతులకు ఇచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ 2002లో ప్రపంచ వాణిజ్య సంస్థలో వివాదం వేసింది. ఆ సబ్సిడీల వల్ల ప్రపంచ మార్కెట్లో ధర అణగారిందని సంస్థ తేల్చింది, 2005లో అప్పీలులోనూ అదే తీర్పు నిలిచింది. 2009లో ప్రతీకార సుంకాలు వేసుకోవడానికి బ్రెజిల్‌కు అనుమతి దొరికింది. దాంతో అమెరికా ముందు ఏటా 14.73 కోట్ల డాలర్ల చొప్పున బ్రెజిల్ పత్తి రంగానికి చెల్లించడానికి ఒప్పుకున్నది, చివరికి 2014 అక్టోబరులో మరో 30 కోట్ల డాలర్లు ఇచ్చి వివాదం ముగించుకున్నది. తన సబ్సిడీ మానడానికి బదులు ఫిర్యాదు చేసినవాడికి డబ్బు కట్టిందన్నమాట. ఇదే బాధ పడుతున్న పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలు బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలీ 2003లో కలిసి మొర పెట్టుకున్నాయి. వాటికి బ్రెజిల్‌కు ఉన్నంత బేరమాడే శక్తి లేదు, ఆ స్థాయి పరిష్కారమూ దక్కలేదు. మాలీ రైతు కూడా మనలాగే చేత్తో ఏరి, రెండు మూడు హెక్టార్లు సాగు చేసుకునేవాడే. ఈ వాణిజ్యంలో మన అసలు తోటివాళ్లు వాళ్లేనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఇక 2018 నవంబరులో అమెరికా మన పత్తి మద్దతు ధర విధానం మీదనే ఆ సంస్థలో లెక్కలు దాఖలు చేసి, మనం పరిమితికి మించి సాయం చేస్తున్నామని వాదించింది. మద్దతు ధరను విమర్శించేవారు ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చైనా ప్రభావం ఇంకో రకం. 2011 నుంచి మూడేళ్ల పాటు ఆ ప్రభుత్వం తన రైతుల దగ్గర ఎక్కువ ధరకు కొని కోటి టన్నులకు పైగా గోదాముల్లో పేర్చింది. అక్కడి మిల్లులు చవక పత్తి కోసం మన వైపు చూశాయి, మన రికార్డు ఎగుమతులన్నీ ఆ కాలానివే. 2014లో ఆ విధానం ఆపేసి, పేరుకున్న నిల్వలను క్రమంగా అమ్మడం మొదలుపెట్టేసరికి మన ఎగుమతులు, వాటితో పాటు యార్డు ధరలూ కుంగాయి. ఆ తర్వాత 2019 ఆగస్టులో పాకిస్తాన్ మనతో వ్యాపారం ఆపేయడంతో మరో కొనుగోలుదారు పోయాడు. ఇప్పుడు మన పత్తికి పెద్ద దిక్కు బంగ్లాదేశ్.

మన చేతిలో ఉన్న విషయం ఒకటుంది, నాణ్యత. మన పత్తి పింజ (దూది పోగు) పొడవులో తక్కువేమీ కాదు. దక్షిణాదిలో వ్యాపారులు బన్నీ బ్రహ్మ అని పిలిచే రకం 30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. చేత్తో ఏరిన పత్తి కాబట్టి పోగు దెబ్బతినదు కూడా. అయినా విదేశీ మిల్లులు మన బేలుకు కోత వేస్తాయి. కారణం చెత్త, అంతకంటే ముఖ్యంగా ప్లాస్టిక్ పోగులు. యూరియా బస్తాలో నింపిన పత్తిలో ఆ బస్తా అంచు నుంచి ఊడిన తెల్లని పోగు ఒకటి కలిసిందంటే, జిన్నింగ్‌లో అది చిన్న చిన్న ముక్కలై దూదంతా పరుచుకుంటుంది, తెల్లని దూదిలో కంటికి ఆనదు. నూలు వడికి, గుడ్డ నేసి, రంగు అద్దిన తర్వాత గానీ బయటపడదు, ఎందుకంటే ప్లాస్టిక్ పోగు రంగు పట్టదు. ముదురు నీలం గుడ్డ మీద తెల్లని గీతలా మిగిలి ఆ థాను మొత్తం తిరస్కరణకు గురవుతుంది. ఆ నష్టాన్ని మిల్లు ముందుగానే ధరలోంచి మినహాయించుకుంటుంది. అమెరికాలో ప్రతి బేలునూ ప్రభుత్వ ప్రయోగశాలలో యంత్రంతో పరీక్షించి పొడవు, బలం, మైక్రోనేర్ (పోగు సన్నదనం), రంగు నమోదు చేస్తారు, కొనేవాడు కాగితం చూసి కొంటాడు. మన దగ్గర 2020లో భారత పత్తికి కస్తూరి అనే బ్రాండు ప్రకటించారు, ఆలోచన మంచిదే. కానీ ఏరేటప్పుడు గుడ్డ సంచి వాడిన రైతుకు యార్డులో పది రూపాయలు ఎక్కువ రానంతకాలం, అతను ఆ శ్రమ ఎందుకు పడతాడు? నాణ్యత మీద ఉపన్యాసాలు రైతుకు చెప్పడం కంటే, కాంటా దగ్గర ఆ తేడాకు ధర కట్టమని వ్యాపారికి, సీసీఐకి చెప్పడం ముందు జరగాలి.

విధానం విషయంలో నేను కోరేది సుంకం ఎప్పటికీ ఉండాలని కాదు. మిల్లులకు నిజంగా కొరత వచ్చే ఏళ్లుంటాయి. సుంకం ఎత్తేసే గడువు ఏదైనా మార్చి తర్వాతే మొదలై సెప్టెంబరు లోపల ముగియాలి, ఆ సంగతి విత్తనాలు కొనే మే నెలకు ముందే ప్రకటించాలి. ఇంత చేస్తే మిల్లు అవసరం తీరుతుంది, అక్టోబరు యార్డు మీద ఓడల నీడ పడదు. రైతు సంఘాలు మద్దతు ధర అంకె మీద పెట్టే బలంలో సగమైనా ఈ తేదీల మీద పెట్టాలని నా మనవి.

చివరి ప్రశ్న, నిల్వ చేయాలా? 2022-23లో చాలామంది, అంతకు ముందటి ఏడాది పదివేల ధరను తలచుకుని ఇళ్లల్లో పత్తి నింపుకున్నారు. నవంబరులో తొమ్మిది వేల దగ్గరున్న ధర ఎండాకాలానికి ఏడు వేల చుట్టూ తచ్చాడింది. నిప్పు భయం, ఎలుకలు, పత్తి నిల్వ ఉన్న ఇంట్లో పిల్లలకు ఒంటి నిండా దురదలు వేరే. నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు మీద మూడు నెలలు ఉంచితే క్వింటాలుకు 400 రూపాయలు వడ్డీకే పోతాయి.

2025-26 సీజను లెక్క ఇంకా స్పష్టంగా ఉంది. 2025 డిసెంబరు 31 తర్వాత సుంకం తిరిగి వచ్చినా, పై లెక్క ప్రకారం ప్రైవేటు ధర 7,350 దగ్గర ఆగుతుంది. ప్రైవేటు వ్యాపారి 8,110 ఇవ్వాలంటే రేవుకు చేరిన విదేశీ ధర సుంకంతో అయితే 85 సెంట్లు, సుంకం లేకుండా అయితే 95 సెంట్లు దాటాలి. ఇంత దూది ప్రపంచంలో నిల్వ ఉన్న ఏడాదిలో రెండు మూడు నెలల్లో అంత ఎక్కుతుందని నేను అనుకోను. కాబట్టి మీ దారి సీసీఐ కేంద్రమే. కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ తీసుకోండి. తేమ 8 శాతం ఉంటే పూర్తి ధర, ఆపైన 12 దాకా ఒక్కో శాతానికి (8,110 ధర మీద) 81 రూపాయల చొప్పున కోత, 12 దాటితే కొనరు. 12 శాతం తేమ ఉన్న పత్తిని 8 శాతానికి ఆరబెడితే బరువు నాలుగు శాతానికి పైగా తగ్గుతుంది, అంటే కోత తప్పినంత బరువులో పోతుంది. ఆరబెట్టడం వల్ల అసలు ప్రయోజనం కేంద్రం గేటు దగ్గర తిప్పి పంపకుండా ఉండటమే. అందుకని పొద్దున మంచు మీద ఏరకండి, ఏరినదాన్ని రెండు ఎండలు చూపించి, తేమ 11 దగ్గరకు రాగానే తీసుకెళ్లండి. 2025 అక్టోబరు నాటి మొంథా తుపాను వానకు తడిసి రంగు మారిన పత్తిని మంచి పత్తితో కలపకుండా విడిగా ఉంచి, గింజ ధర బాగున్న రోజు చూసి యార్డులోనే అమ్మేయండి.